రెండో అంతస్తులో తెల్ల పెట్టె

ఆ బుధవారం పొద్దున్న నాగమల్లేశ్వరి ఇంట్లో ఇద్దరికి రెండు రకాల టిఫిన్లు. భర్త గంగరాజుకి డబ్బాలో చద్దన్నం, ఆవకాయ. ఆఫీసు పని మీద హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు రేవతికి ఇడ్లీలు. ఇద్దరూ వెళ్ళేది ఒకే చోటికి, బందరు కోనేరు సెంటర్లోని మూడంతస్తుల బట్టల షాపుకి. అయినా తండ్రి సైకిల్ మీద ముందు వెళ్ళాడు, కూతురు ఆటోలో వెనక వెళ్ళింది. వారం రోజులుగా ఇదే వరస. వాళ్ళిద్దరి మధ్యా నాగమల్లేశ్వరి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది.

గంగరాజు గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నవాడు. పదమూడేళ్ళుగా షాపులో ఏసీలన్నీ అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి. గంటకోసారి అంతస్తులన్నీ తిరిగి, చొక్కా చెయ్యి పైకి మడిచి గాలిలోకి చాపితే చాలు, ఏ మిషను పెంచాలో ఏది ఆపాలో తెలిసిపోయేది. ఆ చెయ్యి చాపడం చూసి కౌంటరు పిల్లలు నవ్వుకునేవాళ్ళు. చెమట పట్టిన రోజున మాత్రం అతని కోసమే వెతికేవాళ్ళు.

ఇప్పుడు రేవతి ఆ ఇరవై ఏసీలకీ వైర్లు లాగి, ఆఫీసు గదిలో ఒక్క కంప్యూటరుకి కలిపేసింది. గోడల మీద అరచేతి వెడల్పున తెల్ల పెట్టెలు బిగించింది. గది ఎంత వేడిగా ఉందో ఆ పెట్టె చెబుతుంది. దాన్నిబట్టి కంప్యూటరే ఏసీలని నడుపుతుంది. కూతురి తెలివి చూసి తల్లి మనసు పొంగిపోయింది. కానీ ఇక మొగుడికి ఏం పని మిగులుతుందన్న దిగులూ ఆమెదే. యజమాని పూర్ణచంద్రరావుగారు గేటు దగ్గర కుర్చీ వేయిస్తానన్నారట. పదమూడేళ్ళు మిషన్లు నడిపిన పనిమంతుడు సలాం కొట్టేవాడిగా మారిపోవాలన్నమాట.

ప్రారంభం ఆ రోజే. పూజ లేకుండా ఆ షాపులో మేకు కూడా కొట్టనివ్వరు పూర్ణచంద్రరావుగారు. నాగమల్లేశ్వరి చెయ్యి మంచిదని ఆయనకి నమ్మకం. కొత్త మిషను ఏది వచ్చినా పసుపూ కుంకుమా ఆమే పెట్టాలి. కంప్యూటరుకి పెట్టింది, ఏసీలకి పెట్టింది. కన్నకూతురు బిగించిన పెట్టెల్ని వదులుతుందా? వాటికీ బొట్లు పెట్టింది. రెండో అంతస్తులో పట్టుచీరల దగ్గరున్న పెట్టెకైతే, వాడిపోకుండా నీళ్ళలో ముంచిన బంతిపూల దండ కూడా చుట్టి, మురిపెంగా చూసుకుని, వంటవేళకి ఇంటికొచ్చేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరూ వచ్చారు. కూతురి ముఖం కందగడ్డలా ఉంది. తండ్రి తల ఎత్తలేదు. కంచాల ముందు కూర్చున్నాక గాని సంగతి బయటపడలేదు.

శ్రావణమాసం పెళ్ళికి పట్టుచీరలు కొందామని గుడివాడ నుంచి పదిహేనుమంది దిగారట. అరగంటలో అందరికీ చెమటలు కారిపోయాయి. కంప్యూటరు మాత్రం ఇరవైరెండు డిగ్రీలే అంటోంది. వాళ్ళు చీరల అట్టపెట్టెలతో విసురుకుని, విసుక్కుని, ఒక్క చీరైనా కొనకుండా లేచిపోయారు. పూర్ణచంద్రరావుగారు రేవతిని, ప్రారంభానికి వచ్చిన ఆమె కంపెనీవాళ్ళ ముందే నిలదీశారు. అప్పుడు గంగరాజు ముందుకొచ్చి, పాత అలవాటు కొద్దీ తానే ఏసీల స్విచ్చి ఆపేశానని ఒప్పుకున్నాడట. రేపట్నుంచి నువ్వు గేటు దగ్గరే అన్నారట ఆయన.

"కావాలనే చేశావు నాన్నా," అంది రేవతి. "నా పని చెడితే నీ పని నిలబడుతుందనుకున్నావు."

ముద్ద కలుపుతున్న గంగరాజు చెయ్యి ఆగిపోయింది. "నీ నోట్లో ముద్ద పెట్టినవాణ్ణి. మట్టి కొడతానా తల్లీ?"

మరి స్విచ్చి ఎందుకు ముట్టుకున్నావని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది.  అతను వేరే మాట ఎత్తాడు.

"ఆ కంప్యూటరు చూసుకునే మనిషి పేరు రాసిచ్చావంట. బిల్లు కౌంటర్లో కళ్యాణ్ పేరు. నీకు నా పేరు తోచలేదామ్మా?"

రేవతి తడబడింది. "నీకు ఇంగ్లీషు రాదు కదా నాన్నా. పదిమందిలో ఇబ్బంది పడతావని..."

"ఇబ్బంది నాకా, నీకా?"

ఆ మాటకి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నాగమల్లేశ్వరి ఏదో ఒక పని చెయ్యకపోతే ఏడ్చేస్తానని భయపడి, టిఫిను డబ్బా కడుగుదామని మొగుడి చేతిసంచీ తీసింది. డబ్బా కింద బంతిపూల దండ. ఇంకా తడిగానే ఉంది.

"ఇది నేను పెట్టెకి చుట్టిన దండ కదండీ? మీ సంచీలోకి ఎట్టా వచ్చింది?"

"లోపల పెట్టెయ్యవే," అన్నాడు గంగరాజు కంగారుగా.

రేవతి లేచొచ్చి దండ అందుకుంది. అరచేతికి చల్లగా తగిలింది. జరిగిందంతా ఒక్కొక్కటిగా పైకే చెప్పుకుంది. తడిపూలు పెట్టెని చల్లబరిచాయి. గది చల్లగానే ఉందని పెట్టె చెప్పింది. కంప్యూటరు ఏసీలని ఆపేసింది. తరవాత పావుగంటకి అంతస్తు మళ్ళీ చల్లబడితే, తాను కంప్యూటర్లో ఏవో మార్చినందువల్లే అనుకుంది. దండ తీసింది తండ్రి అని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

సంగతి అర్థమై నాగమల్లేశ్వరి కూలబడిపోయింది. "నా చేతులు పడిపోను. ఇంత పని చేశానా?"

"ఎందుకు చెప్పలేదు నాన్నా?" దండ పట్టుకునే అడిగింది రేవతి.

"ఏమని చెప్పను? నా కూతురి మిషను పూలదండకి మోసపోయిందని మీ కంపెనీవాళ్ళకి చెప్పనా? మీ అమ్మని పదిమందిలో నవ్వులపాలు చెయ్యనా? నేనంటావా, ఎట్టాగూ పోయేవాణ్ణేగా."

రేవతి వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి దగ్గరికి తీసుకోబోతే వద్దని, కళ్ళు తుడుచుకుని, సెల్లు తీసి పూర్ణచంద్రరావుగారికే ఫోను చేసింది. దండ సంగతి దాచకుండా చెప్పింది. పెట్టెల మీద ఏమీ వెయ్యకూడదని ముందే చెప్పకపోవడం తన తప్పేనంది. ఆయన నవ్వారో కోప్పడ్డారో నాగమల్లేశ్వరికి వినపడలేదు గాని, కూతురి మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

"కాయితంలో పేరు మారుస్తున్నానండీ. ఆపరేటరు మా నాన్న, గంగరాజు. ఆయనకి వచ్చేదాకా నేనే కూర్చుని నేర్పిస్తాను. ఏసీల గురించి నాకు ఆయనే నేర్పాలి, అది వేరే సంగతి."

అవతలివైపు చాలాసేపు మాటలు నడిచాయి. చివరికి నెలరోజులు చూద్దామన్నారట.

గంగరాజు మొహం పక్కకి తిప్పుకుని, ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుని, చల్లారిన అన్నం మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తిన్నాక, ఎప్పుడూ మాట్లాడే మామూలు గొంతుతో అన్నాడు.

"దండ లేకపోయినా ఆ పెట్టె చోటు బాలేదమ్మా. దానికి ఏసీ గాలి సూటిగా తగులుద్ది. జనం కూర్చునే చోట వేడి దానికి తెలీదు. బిగించిన రోజే చెబుదామనుకున్నాను. నువ్వు అడగలేదు."

రేవతి వచ్చి తండ్రి పక్కన చాప మీద కూర్చుంది. "ఇప్పుడడుగుతున్నాను, చెప్పు నాన్నా."

గంగరాజు నీళ్ళ గ్లాసులో ఎడంచేతి వేలు ముంచి, నేల మీద రెండో అంతస్తు గీయసాగాడు. ఇవి మెట్లు, ఇది పడమటి అద్దాల గోడ, ఇక్కడ పెళ్ళివాళ్ళు కూర్చుంటారు.

"ఆగు నాన్నా, ఆరిపోతోంది," అంటూ రేవతి పుస్తకం కోసం లేచింది.