ధరకు తగ్గ కార్డు

శనివారం ఉదయం టీ గ్లాసు ముందు పెట్టుకుని, కంప్యూటర్ షాపాయన తనెప్పుడూ చూడని మనిషిని తిడుతున్నాడు.

"ఎవరో అమ్మాయంట, వీడియోలు పెడుతుందంట. మొహం చూపించదంట, చేతులే కనిపిస్తాయంట. కూర్చుని గ్రాఫిక్స్ కార్డులు కొలుస్తుందంట. నిన్న నలుగురొచ్చారు షాపుకి. నలుగురిదీ ఒకటే పాట, ఆ అమ్మాయి వద్దంది కదండీ అని."

భార్య రొట్టె ముక్కలకు వెన్న రాస్తూ వింటోంది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎదుటివాళ్ళు ఎంత గింజుకున్నా తన చెయ్యి మాత్రం కదలకుండా పని కానివ్వడం ఆమెకు వృత్తిలో వచ్చిన అలవాటు.

"ఒకమ్మాయి వద్దంటే మానేస్తారా? వాళ్ళకి సొంత బుర్ర లేదా?" అన్నాడాయన.

"ఉండబట్టే కనుక్కుని వస్తున్నారేమో."

"నువ్వు ఎవరి పక్షం?"

"నేను రొట్టె పక్షం. చల్లారిపోతోంది, తినండి."

బల్లకు అటువైపు కూర్చున్న కూతురు ఒక్క మాటా అనలేదు. చిన్నప్పుడు రోజంతా కిచకిచలాడుతుండేదని ఆమెను ఇంట్లో పిచ్చుక అంటారు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కరెంటు మీటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో పరీక్షించే చోట ఉద్యోగం. శని, ఆదివారాలు సెలవు. సగం తిన్న రొట్టె పళ్ళెంలోనే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఆయన అది గమనించలేదు. ఆయన మనసంతా షాపు వెనకగదిలో పేర్చి ఉన్న ఇరవై నాలుగు అట్టపెట్టెల మీద ఉంది.

గ్రాఫిక్స్ కార్డంటే ఆటలోని బొమ్మను తెర మీద గీసి పెట్టే భాగం. పదిహేడేళ్ళుగా వాటిని అమ్ముతున్న ఆయనకు ఒక సంగతి బాగా తెలుసు. అన్నింటికంటే ఖరీదైనది కొనేవాడు ప్రశ్నలు వెయ్యడు. అన్నింటికంటే చవకది కొనేవాడు ఆశలు పెట్టుకోడు. ప్రశ్నలూ ఆశలూ రెండూ ఉండేది మధ్య రకం కొనేవాళ్ళకే. కొట్టుకు తిండి పెట్టేదీ వాళ్ళే. అందుకే కొత్త మధ్య రకం కార్డు విడుదలవుతోందనగానే, ఇరవై దాటి తీసుకుంటే తగ్గిస్తానన్న టోకు వర్తకుడి మాట విని, కారుతున్న బాత్రూం కప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బంతా దానిలో పెట్టాడు. వచ్చి మూడు వారాలైంది. ఒక్కటి కదిలితే ఒట్టు.

పదకొండు గంటలకు ఒక కుర్రాడు వచ్చాడు. పక్క వీధిలోని పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాడు. కార్డు పెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మొహమాటంగా నవ్వాడు.

"అది కాదు సార్, ఆ వీడియోలో ఏమన్నారంటే..."

"ఏదీ, ఓసారి పెట్టు బాబూ. ఆవిడగారి ప్రవచనం నేనూ వింటాను."

కుర్రాడు ఫోను కౌంటరు మీద పెట్టాడు. తెర మీద రెండు చేతులు కార్డు ఫ్యాన్ల వైపు చూపిస్తున్నాయి. తర్వాత గొంతు వినబడింది.

"ఈ కార్డు చెడ్డది కాదు. దీని ధర చెడ్డది. పోయిన తరం కార్డు కంటే వెల పావు వంతు ఎక్కువ, పని పదో వంతు మాత్రమే ఎక్కువ. ఎనిమిది జీబీల మెమరీ ఇప్పటి ఆటలకే చాలీచాలకుండా ఉంది. ఇంకో రెండేళ్ళకు వచ్చేవాటికి అసలు చాలదు."

ఆయన మిగతాది వినలేదు. ఆ గొంతు పుట్టినప్పటినుంచీ ఎరిగిన గొంతు. కుర్రాడికి రేపు రమ్మని చెప్పి పంపించాడు. కాసేపు కౌంటరు మీద చేతులానించి నిలబడ్డాడు. తర్వాత షట్టరు దించాడు. మధ్యాహ్నం కూడా కాకుండా ఆ షట్టరు దిగడం చూసి, పక్కనున్న జెరాక్సు షాపువాడు బయటకు వచ్చి, "ఒంట్లో బాగాలేదా అన్నా?" అని అడిగాడు.

"బాగానే ఉంది. ఇంట్లో చిన్న పని."

కూతురు తన గదిలో ఉంది. బల్ల మీద విప్పిన కంప్యూటరు, కరెంటు కొలిచే మీటరు, అంకెలతో నిండిన నోటు పుస్తకం. ఆ గదిలోకి ఆయన రోజూ తొంగి చూస్తాడు. ఆఫీసు పనేదో ఇంటికి తెచ్చుకుందనుకునేవాడు.

"ఆ చేతులు నీవేనా?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. "నావే నాన్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు."

"మీ అమ్మకు తెలుసా?"

శనివారం ఒంటిపూట డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చిన భార్య గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "తెలుసు" అంది. "మీరు షాపు కబుర్లు తప్ప ఇంకేమీ వినరని, నేనే చెప్పొద్దన్నాను."

ఆయన భార్య వైపు తిరగలేదు, కూతుర్నే అడిగాడు. "నా దగ్గర ఇరవై నాలుగు పెట్టెలున్నాయని నీకు తెలీదా?"

"తెలుసు. ఆటోలోంచి దింపించింది నేనే కదా. అప్పటికే కొలతలన్నీ తీసేశాను. మీ దగ్గర అంత సరుకుందని తొమ్మిది రోజులు వీడియో పెట్టకుండా ఆగాను."

"పదో రోజు నాన్న పరాయివాడైపోయాడా?"

ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

"వేరేవాడెవడైనా నా సరుకు బాగాలేదంటే వాడితో పోట్లాడతాను. కంచే చేను మేస్తే ఎవరితో పోట్లాడాలి? నీ చదువు ఆ కొట్టు మీదే జరిగిందిగా అమ్మా. నేను తప్పుడు సరుకు అమ్మడం లేదు. దొంగ సరుకు కాదు, పాడైపోయింది కాదు. కాస్త ధర ఎక్కువ, అంతే. లోకంలో ధర ఎక్కువ కానిదేముంది?"

"నేనూ అదే అన్నాను కదా నాన్నా. ధర ఎక్కువని."

"అదేదో కొంచెం మెత్తగా చెప్పచ్చుగా. ఇప్పుడైనా మించిపోయింది లేదు. అది తీసేసి, కొన్ని ఆటలకు బాగానే ఉంటుందని ఇంకోటి పెట్టు. ఎవరికి తెలుస్తుంది?"

పిచ్చుక నోటు పుస్తకం మూసింది, మళ్ళీ తెరిచింది.

"పోయినేడు మెత్తగానే చెప్పాను."

"ఏమని?"

"పోయినేడు మీ దగ్గర మిగిలిపోయిన ఆ నల్లపెట్టె కార్డులు గుర్తున్నాయా? రెండు నెలలు నిద్రపోలేదు మీరు. అప్పుడు నేను వాటి మీద వీడియో పెట్టాను. నా కొలతల్లో బాగా రాని ఆటలు మూడున్నాయి. ఆ మూడూ చూపించలేదు. బాగా వచ్చినవే చూపించి, ఈ ధరకు ఇంతకంటే మంచిది లేదన్నాను. అబద్ధం ఆడాను నాన్నా. మీ కోసమే ఆడాను."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. పోయినేడు ఆ కార్డులు రెండు వారాల్లో ఖాళీ అయిపోయాయి. తన మాటనేర్పుతోనే అమ్ముడుపోయాయని ఏడాది పొడుగునా చెప్పుకున్నాడాయన. జెరాక్సు షాపువాడికి చెప్పాడు, బావమరిదికి చెప్పాడు, భార్యకైతే పదిసార్లు చెప్పాడు.

"తొమ్మిదో రోజు ఇది వచ్చింది" అని ఆమె ఫోను తండ్రి చేతికిచ్చింది.

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఒకావిడ రాసిన ఉత్తరం అది. ఆవిడా, వేరే ఊళ్ళో ఉండే ఆవిడ చెల్లెలూ ప్రతి ఆదివారం కలిసి ఆట ఆడుకుంటారట. పెళ్ళిళ్ళయ్యాక అక్కచెల్లెళ్ళు తీరిగ్గా కలుసుకునేది అక్కడేనట. పోయినేడు మీరు చెప్పారని ఆ నల్లపెట్టె కార్డు కొన్నాను, చెల్లెలు కొత్త ఆటకు మారింది, నా కంప్యూటర్లో అది ఆగి ఆగి నడుస్తోంది, ఇప్పుడు చెల్లెలు వేరేవాళ్ళతో ఆడుకుంటోంది, అని రాసింది. చివర రెండు వాక్యాలు. "తప్పు మీది కాదు లెండి. మీరు సరిగ్గానే చెప్పి ఉంటారు, నాకే అర్థం అయ్యుండదు."

ఆయన ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాడు. ఆవిడ ఆయనకు గుర్తుంది. ఒకటికి రెండుసార్లు షాపుకు వచ్చి, "నాకిది సరిపోతుందా అండీ?" అని అడిగింది. "కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండమ్మా, అయిదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు తను. ఏ ఆట ఆడతారని అడగలేదు.

"ఆవిడ నన్ను తిట్టి ఉంటే మళ్ళీ మెత్తగానే చెప్పేదాన్నేమో" అంది కూతురు. "తిట్టలేదు. తననే తప్పు పట్టుకుంది. పదో రోజు వీడియో పెట్టేశాను."

భార్య లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "మా ల్యాబులో రోజుకొకరైనా అడుగుతారు, షుగరు కాస్త తగ్గించి రాయండి, ఇంట్లోవాళ్ళు భయపడతారు అని. ప్రేమతోనే అడుగుతారు పాపం. కాగితం మీద తగ్గిస్తే ఒంట్లో తగ్గదుగా."

కిందింటివాళ్ళ బట్టల మిషను తిరిగే చప్పుడు వినిపిస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. కూతురు తన కోసం అబద్ధమాడిందని ఆయన ఎక్కువ బాధపడలేదు. ఆడమని తను అడగకుండానే, తనకేం కావాలో ఆమెకు అర్థమయ్యేలా అన్నేళ్ళు ఆ ఇంట్లో మసిలానని బాధపడ్డాడు. ఇవాళ నోరు తెరిచి అడిగాడు కూడా.

"ఎంతకైతే కొనచ్చంటావు?" అన్నాడు చివరికి.

"ఏంటి నాన్నా?"

"కార్డు చెడ్డది కాదు, ధర చెడ్డదన్నావుగా. మంచి ధర ఎంత?"

ఆమె నోటు పుస్తకం తిప్పింది. "ఆరో వంతు తగ్గిస్తే చిన్న తెర ఉన్నవాళ్ళు కొనచ్చు. పెద్ద తెరకు ఈ మెమరీ చాలదు, అది ఉన్నవాళ్ళకు ఎంత తగ్గించినా కొనమని చెప్పను."

"ఆరో వంతంటే నాకు మిగిలేదేమీ ఉండదు."

"మిగలదు. చేతినుంచే కొంచెం పడుతుంది."

భార్య లేచి నిలబడింది. "బాత్రూంలో ఇంకో ఏడాది బకెట్ పెట్టుకుందాం. ఆ చినుకుల చప్పుడు లేకపోతే ఇప్పుడు నాకు స్నానం చేసినట్టే ఉండదు. లేవండి, అన్నం తిందురుగాని."

సోమవారం షాపులో కార్డు పక్కన కొత్త ధర రాసిన కాగితం అతికించి ఉంది. ఆ ధర కింద ఇంకో వాక్యం, "పెద్ద తెర ఉన్నవాళ్ళు ఇది కొనకండి." జెరాక్సు షాపువాడు చదివి, "వ్యాపారం మానేస్తున్నావా అన్నా?" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజే కూతురితో ఇంకోమాట చెప్పాడు. ఆమె ప్రతి వీడియో మొదట్లోనూ, నాకు తండ్రి ఉన్నాడు, ఆయనకు కార్డుల కొట్టు ఉంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని నా మాట వినండి అని చెప్పాలట. నల్లపెట్టె కార్డు గురించి ఆమె ఒప్పుకుంటూ మాట్లాడిన రోజు కొందరు చూడటం మానేశారు. చాలామంది మానలేదు. నెలాఖరుకు పదకొండు పెట్టెలు కదిలాయి, మిగతావి వెనకగదిలోనే ఉన్నాయి.

ధర మార్చిన ఆ వారంలోనే ఒకరోజు తండ్రీకూతుళ్ళు ఆసుపత్రి వెనక ఉన్న లాండ్రీకి వెళ్ళారు. లోపల ఆవిరి, తడి దుప్పట్ల వాసన. ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, షాపాయన్ను చూసి కంగారుపడింది.

"ఏమైందండీ? బిల్లులో ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదమ్మా. పోయినేడు మీకిచ్చిన కార్డు మీకు సరిపడేది కాదు. అది నాకిచ్చి ఇది తీసుకోండి. వాడిన కార్డే, పోయిన తరంది. కానీ మెమరీ పన్నెండు జీబీలుంది. పైన మీరేమీ ఇవ్వక్కర్లేదు."

ఆవిడకు నమ్మకం కుదరలేదు. "ఊరికే ఎందుకిస్తారండీ ఎవరైనా?"

ఆయన ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా పిచ్చుక అందుకుంది. "మీ చెల్లెలు ఆడే ఆట దీంట్లో నడిపి చూశానండీ. గంటసేపు. ఎక్కడా ఆగలేదు."

ఆవిడ చప్పున ఆమె వైపు తిరిగింది. "మీ గొంతు... మీరు ఆ వీడియోల అమ్మాయి కదూ?"

పిచ్చుక తలవంచుకోవడం తండ్రి చూశాడు.

"అవునమ్మా" అన్నాడాయన. "మా అమ్మాయే. ఆ రోజు తను మీకు సరిగ్గా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం నేను. మీకు అర్థం కాకపోవడం కాదు. మీకు బాగానే అర్థమైంది."

పిచ్చుక కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ కార్డు పెట్టె ఉంది. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ పెట్టె మెల్లగా అందుకుని, తండ్రినొదిలేసి కూతుర్నే అడిగింది.

"నాకిది సరిపోతుందా అమ్మా?"

షాపాయనకు అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. అయిదేళ్ళన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగించి పక్కకు జరిగాడు.

"రెండేళ్ళు వస్తుందండీ" అంది పిచ్చుక. "మూడో ఏడు సంగతి నాకు తెలీదు."

"చాలు" అంది ఆవిడ, పెట్టె గుండెలకు ఆనించుకుంటూ. "అలా చెప్తే నాకు అర్థమవుతుంది."