పాత గేటు దగ్గర పలకొద్దు

ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే రోడ్డులో, రొయ్యల గుంటలు దాటాక ఎడమచేతికి ఒక ఫ్యాక్టరీ ఉంది. రొయ్యలు ఒలిచి, ఐసులో పెట్టి, పెట్టెలకెక్కించి విదేశాలకు పంపుతారు. ముందువైపు కొత్త గేటు... దీపాలు, కెమెరాలు, అన్నీ. వెనకవైపు పాత గేటు. చెడ్డపేరంతా దానిదే.

అక్కడ వాచ్‌మన్ కేబిన్ ఒకటుంది. ఎప్పుడో కరెంటు పీకేశారు. చీకటిపడ్డాక ఆ దారిన పోతే లోపల్నుంచి ఒక గొంతు అడుగుతుందట —

"ఏ... షిఫ్టూ...?"

పలికారా, అంతే. చావరులెండి, మన దెయ్యం అంత చెడ్డది కాదు. ఉద్యోగం పోతుంది.

నవ్వకండి. అక్కడ పనిచేసే దుర్గ పలికింది, నెల తిరక్కుండా పేరు తీసేశారు. ఎలిశబెతు పలికింది, ఆమెదీ అదే గతి. ఏడాది నిండేలోపే అందరి పేర్లూ కొట్టేసి, నచ్చినవాళ్ళని మళ్ళీ కొత్తగా చేర్చుకునే ఫ్యాక్టరీలో దెయ్యం ప్రత్యేకంగా పీకేదేముందని నేను అడిగాను కూడా. "నీకేం తెలుసు, ఊరుకో" అని నా నోరు మూయించారు ఆడవాళ్ళు.

ఆ గొంతు పెంచల్‌దట. పాత వాచ్‌మన్, ఆ ఫ్యాక్టరీలో ఆఖరి పర్మనెంటు మనిషి. కాపలా పనిని ఏజెన్సీకి అప్పగించిన వారంలోనే పెంచల్ పోయాడని ఆఫీసులో అనుకుంటుంటే విన్నవాళ్ళున్నారు. దిగులుతో పోయాడని ఒకరు, కేబిన్లోనే పోయాడని ఇంకొకరు. పర్మనెంటు మనిషి కదా, పోయినా గేటు వదల్లేదని అందరూ.

ఇక కౌసర్ సంగతి. మా వీధి పిల్లే. ఈ కథ నాకు చెప్పింది తనే. చెప్పేటప్పుడు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది.

కౌసర్ ఆ ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసేది... చిన్న రొయ్య, పెద్ద రొయ్య వేరుచేసే పని. వాళ్ళమ్మ ముంతాజ్ బేగం మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేదు. తమ్ముడు అజారుద్దీన్ ఐటిఐ చదువుతున్నాడు. ఆ ఇంటికి సంపాదన ఈ పిల్ల ఒక్కదానిదే. ఆ రోజు తెల్లారితే కాంట్రాక్టు రెన్యువల్. హెచ్ఆర్ ఆఫీసర్ జయకుమార్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిస్తే ఇంకో ఏడాది తిండికి ఢోకా లేదు. పిలవకపోతే ఇంటికి.

సరిగ్గా ఆ రాత్రే సరుకు లారీ ఆలస్యంగా వచ్చింది. పని తెమిలేసరికి వ్యాన్ వెళ్ళిపోయింది. కొత్త గేటునుంచి చుట్టు తిరిగిపోతే రోడ్డు మీద ఆఖరి ఆటో దొరకదు. మిగిలింది పాత గేటు దారి. కాంట్రాక్టు వాళ్ళు ఆ దారిన నడవకూడదని కంపెనీ ఆర్డరు కూడా. కానీ ఆ పిల్లకి కంపెనీ కంటే పెంచలే ఎక్కువ భయం.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనసులో బిస్మిల్లా అనుకుని నడక మొదలుపెట్టింది.

ఒకపక్క గోడ. ఇంకోపక్క గుంటల నీళ్ళు పోయే కాలవ. వెన్నెల లేదు. ఎక్కడో గుంటల్లో నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్లు దబదబమని నీళ్ళు కొడుతున్నాయి... తర్వాత అవీ ఆగిపోయాయి.

కేబిన్ దగ్గరికొచ్చింది.

ఏమీ లేదు. నిశ్శబ్దం.

అమ్మయ్య అనుకుని అడుగు ముందుకేసింది —

"ఏ... షిఫ్టూ...?"

గొంతు బొంగురుగా, గుడ్డ కప్పుకుని మాట్లాడినట్టుగా ఉంది. కౌసర్ పళ్ళు బిగించింది. నడక పెంచింది.

వెనక అడుగుల చప్పుడు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చినట్టు.

"నిన్నే... ఏ షిఫ్టూ?"

ఇక నడవలేదు, పరిగెత్తింది. కట్ట మీద పాచి. కాలు జర్రున జారింది... నడుము దాకా కాలవలో పడింది. అడుగున బురద కాళ్ళని లోపలికి లాగుతోంది. అరవాలి. అరిస్తే పలికినట్టే కదా! నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి, అయినా ఆ పిల్ల నోరు తెరవలేదు. ఉద్యోగమంటే అంత భయం మరి. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడొక చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది.

చల్లటి చెయ్యో వెచ్చటి చెయ్యో తెలియలేదట. పొద్దస్తమానం ఐసులో పెట్టిన వేళ్ళు, వాటికి స్పర్శ ఎక్కడిది? ఆ చెయ్యి ఒక్క ఊపున ఆమెని గట్టు మీదికి లాగింది. చీకట్లో మొహం కనబడలేదు. ఆయాసం మాత్రం వినబడింది. మెల్లగా, చెవి దగ్గర —

"పలకమ్మా... ఏ షిఫ్టు?"

నాలుక చివర దాకా వచ్చిన మాటను మింగేసింది. చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ఆటో ఎక్కింది. ఇల్లు చేరింది. తెల్లవార్లూ కన్ను మూయలేదు. కానీ పలకలేదు... పలకలేదు, అది చాలు.

పొద్దున్నే జయకుమార్ పిలిచిన పేర్లలో కౌసర్ పేరు ఉంది.

ఆ పిల్ల సంతోషం చూడాలి! కళ్ళనిండా నీళ్ళు. అమ్మకి ఫోన్ చేద్దామని ఆఫీసు వరండాలోకి వచ్చింది. వెనక గదిలో జయకుమార్ ఎవరినో కసురుతున్నాడు.

"ఈమధ్య ఆ దారిన ఎవురూ పోవడంల్యా కదయ్యా. పోతుంటే ఒక్క పేరన్నా చెప్పు. ఈ నెలతో ఆ డ్యూటీ ఎత్తేస్తుండాం."

"పోతా ఉండారు సార్..."

కౌసర్ ఫోన్ దించింది. అదే గొంతు. బొంగురు గొంతు.

"ఆడోళ్ళు పోతా ఉండారు సార్. మూతికి కొంగు అడ్డం పెట్టుకోని పోతా ఉండారు. ఏ షిఫ్టని అడిగితే పలకరు. ఊరికే పరిగెత్తతారు. రాత్రి ఒకామె కాలవలో పడితే నేనే లాగినా. ఆ చెయ్యి... మనిషి చెయ్యి కాదు సార్ అది. మంచుగడ్డ. అంత సేపు మునిగినా అరవలా, పలకలా. నాకు రోజూ భయంగానే ఉండాది సార్. కానీ పని కదా, అడగతానే ఉండా."

"ఏంది పెంచల్, నన్ను దెయ్యం కథలు వినమంటావా?"

పెంచల్!

కౌసర్ ఆ గది గుమ్మంలోకొచ్చి నిలబడింది. నీలం చొక్కా, మెడకు మఫ్లరు, మోకాళ్ళ దాకా ఎండిన బురద. బక్కచిక్కిన ముసలాయన.

"తాతా... నువ్వు పోయినావన్నారే!"

ఆయన తిరిగి చూశాడు. ఎవరో గుర్తుపట్టలేదు. "పోయింది నా పర్మనెంటమ్మా. నేను గాదు. ఆ కేబిన్లోనే కాంట్రాక్టుకు కూచోబెట్టినారు. టార్చిలైటు ఇస్తామన్నారు, ఇయ్యలా."

తను నోరు మూసుకున్నందుకే ఈయన బతుకు పోతోందని కౌసర్‌కి అప్పుడర్థమైంది. భయం పోయి సిగ్గేసింది.

"సార్, రాత్రి ఆ దారిన పోయింది నేనే."

జయకుమార్ కళ్ళద్దాలు తీశాడు. చెడ్డవాడేం కాదు, గొంతు తగ్గించే చెప్పాడు. "చూడమ్మా, ఇప్పుడే నీ పేరు పిలిచినా. ఆ దారిన నడిస్తే తీసెయ్యమని నాకు ఆర్డరుండాది. బాగా ఆలోచించుకోని చెప్పు. పోయినావా? పోలేదా?"

కౌసర్‌కి తమ్ముడు గుర్తొచ్చాడు. అమ్మ గుర్తొచ్చింది.

"పోయినా సార్. కాలవలో పడింది నేనే. ఈ తాత లాగకపోతే ఈపాటికి శవాన్ని. సెకండ్ షిఫ్టు తాతా... సెకండ్ షిఫ్టు."

ముసలాయన లేచాడు. కాలీడ్చుకుంటూ దగ్గరికొచ్చి, వేలి చివరతో ఆమె ముంజేతిని తాకి చూశాడు.

"నువ్వు మనిషివేనా తల్లీ?"

నెలాఖరుకి కౌసర్ పేరు తీసేశారు. పెంచల్ డ్యూటీ మాత్రం ఉంచారు, ఆ దారిన మనుషులు పోతున్నారని తేలింది గనక, ఆపడానికి.

కౌసర్ ఇప్పుడు దగ్గర్లోనే రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో చేస్తోంది. అదీ కాంట్రాక్టే. రాత్రి పని దిగి పాత గేటు మీదుగానే వస్తుంది. ఫ్లాస్కులో టీ తెస్తుంది. కేబిన్లో చీకట్లోనే కూర్చుని ఇద్దరూ తాగుతారు. లైటు ఇంకా ఇవ్వలేదు.

మా వీధి మలుపులో ఆగిన ఫ్యాక్టరీ వ్యాన్లో కొత్తగా చేరిన ఆడవాళ్ళు మొన్న గుసగుసలాడుకుంటుంటే నా చెవులారా విన్నాను. కౌసర్ అని ఒకామె ఉండేదట. పలికిందట... నెల తిరక్కుండా పోయిందట. అప్పట్నుంచి పాత గేటు దగ్గర రెండు గొంతులు వినబడుతున్నాయట.

రెండోది ఆడగొంతట. నవ్వుతుందట.