తాళమేసిన షెడ్డులో జపాన్ కారు

వికారాబాద్‌లో రైలు గేటు పక్కన ఉండే ఆ రేకుల షెడ్డు ముందు, చీకటి పడితే ఎవరూ ఆగేవారు కాదట. బయట తాళం వేసే ఉంటుంది. లోపల మాత్రం... అర్ధరాత్రి కారు స్టార్టవుతుంది!

"ఇమాముద్దీన్ సచ్చిపోయి మూడు నెలలాయె. గాయన కారు గాయనే నడుపుకుంటుండు," అని గొర్ల కాపరి ఎంకయ్య ఒట్టేసి చెప్పాడు, తాండూరు మెకానిక్ ఫరీద్‌తో. ఎనభై నాలుగు నాటి మాట.

ఫరీద్ నవ్వేశాడు. ఆ కారంటే అతనికి పిచ్చి. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఎర్రటి డాట్సన్. బొంబాయిలో తుక్కు కింద ఇమాముద్దీన్ కొనుక్కొస్తే, ఇద్దరూ మూడేళ్ళు కూర్చుని ఒక్కో నట్టూ బిగించి దానికి ప్రాణం పోశారు. ఇప్పుడు ఇమాముద్దీన్ తమ్ముడు అమ్మేస్తున్నాడు. దాని విలువ తెలియనివాడి చేతిలో పడకూడదని ఫరీదే బేరం ఖాయం చేసుకున్నాడు. తెల్లారితే తీసుకుపోవాలి.

తెల్లారేదాకా ఆగితేనా! ఆ తమ్ముడిచ్చిన షెడ్డు తాళంచెవి పట్టుకుని రాత్రి ఒంటిగంటకే వెళ్ళాడు. తాళం మీద చెయ్యి వేశాడో లేదో —

లోపల ఇంజను అందుకుంది.

అది ఆ ఇంజనే... దాని గొంతు తనకు తెలీదా? తాళం తీసి తలుపు తోశాడు. డ్రైవర్ సీటు ఖాళీ. పక్క సీట్లో — తెల్లటి ఆకారం.

"యా అల్లా..."

"భయపడకు, ఫరీద్ భాయ్." ఆకారం కొంగు ముఖం మీదికి లాక్కుంది. "అటు తిరుగు. ఇద్దత్‌ల ఉన్న."

ఇమాముద్దీన్ భార్య ఇస్మత్! మగడు పోయాక నాలుగు నెలల పది రోజులు పరాయి మగాళ్ళ కంట పడకూడదు. అందుకే ఊరంతా పడుకున్నాక, ఇంట్లోంచి షెడ్డులోకున్న చిన్న తలుపు గుండా వస్తోంది. పక్క సీట్లోంచే చెయ్యి చాపి స్టార్ట్ చేస్తోంది.

"రోజు స్టార్ట్ చెయ్యకుంటే బ్యాటరీ దిగుతదంటుండె... రంగు ఆరినంక నిన్ను తిప్పుత అన్నడు, భాయ్. రంగు ఆరింది. ఆయనే లేకపాయె."

ఫరీద్ గోడవైపు తిరిగి ఏడ్చాడు. "నాకొద్దు భాభీ. ఈడనే ఉండనీ."

"పిల్లల్ని సాదాలె గదా, తీస్కపో. గా సీటు ఒక్కటి జరపకు. ఆయన కాళ్ళకు సరిపోయేటట్టు పెట్టుకున్నడు."

ఇమాముద్దీన్ ఆరడుగుల మనిషి. ఫరీద్ అతని భుజం దాకా రాడు. మర్నాడు సీటు అంచున కూర్చుని, మునివేళ్ళతో క్లచ్ తొక్కుకుంటూ బయల్దేరాడు. కళ్ళు మసకలు కమ్మి దారిలో మూడుసార్లు ఆపాడు.

తాండూరు చేరేదాకా, అతని వీపుకీ సీటుకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు అలాగే ఉంది.