ఆఖరి ఫారం

చీకటి పడ్డాక ఆ బైండింగు షాపు వెనకగది వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. తాళం వేసిన గదిలో కాగితాలు కదులుతాయట... పొద్దున్నే చూస్తే బల్ల మీద జిగురు తడి ఆరకుండా ఉంటుందట.

ఆ గదినిండా ఒకే పుస్తకం కట్టలు — అమ్ముడుపోక తిరిగొచ్చిన జాంబీల నవల. కుర్రకారు కోసం రాసిన నవల, ఆ కుర్రకారే పెదవి విరిచారు. చచ్చి లేచిన తల్లి వచ్చి తలుపు తడుతుంది, కూతురు గడియ మీద చెయ్యి వేస్తుంది... అంతే, అయిపోయింది! ముగించడం చేతకాక వదిలేసిందని రాసిన పిల్లని అందరూ ఏకిపారేశారు.

"పుస్తకంలో ఉన్నన్నాళ్లూ ఆ జాంబీలు ఎవర్నీ భయపెట్టలేకపోయాయి, ఇప్పుడు బయటపడి మన ప్రాణాలు తీస్తున్నాయి" అని వాచ్‌మన్ నవ్వేవాడు. నవ్వుతూనే ఆ గదికి ఆమడదూరంలో నడిచేవాడు.

ఆ షాపులో పుస్తకాలు కుట్టే బైండరమ్మకు మాత్రం నవ్వొచ్చేది కాదు. రాసింది ఆమె అక్క కూతురు. అక్క పోయాక తన దగ్గరే పెరిగిన పిల్ల. ఆ తిట్లు తిన్నాక మళ్లీ కలం ముట్టలేదు.

తెల్లారితే కట్టలన్నీ తుక్కుకు పోతాయి. ఒక్క ప్రతైనా దాచాలని ఆ రాత్రి బైండరమ్మ లేచింది. మేకుకి వెనకగది తాళంచెవి లేదు. షాపులోనే మరిచానేమో అనుకుంది. పిల్ల గది తలుపు వేసి ఉంది. నిద్ర చెడగొట్టడమెందుకని చప్పుడు చేయకుండా బయల్దేరింది.

షాపు చీకటిగా ఉంది. వెనకగది తాళం... తీసి ఉంది.

లోపల సర్రుమని కాగితం చప్పుడు. ఆగింది... మళ్లీ సర్రుమంది.

తలుపు మీద చెయ్యి వేసింది. నవల ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే కదా అని గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని తోసింది.

కొవ్వొత్తి వెలుగులో ఒక ఆకారం. మోచేతుల దాకా పాలిపోయిన చేతులు... మెల్లిగా తల ఎత్తింది.

"ష్... నేనే పిన్నీ."

అక్క కూతురు! చేతులనిండా మైదా జిగురు. ఒళ్లో విప్పిన పుస్తకం, పక్కన అచ్చయిన కాగితాల దొంతర. బైండరమ్మ ఒకటి తీసి చూసింది. ఆఖరి ఫారం — నవల చివరి పదహారు పేజీలు. తలుపు తీశాక జరిగిందంతా అందులోనే ఉంది.

ఆ ఫారాన్ని మిగతావాటితో కలిపి కుట్టాల్సింది తనే. కలపడం మరిచింది. దొంతర అటక మీదే ఉండిపోయింది.

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"పుస్తకం చేతికొచ్చిన రోజే."

"మరి నోరెందుకు విప్పలేదే? లోకమంతా నిన్ను ఆడిపోసుకుంటుంటే!"

"చెబితే నీ పని పోయేది కదా పిన్నీ." పిల్ల కుంచె జిగురులో ముంచింది. "రోజూ కొన్ని అతికించి లైబ్రరీల్లో పెట్టొస్తున్నా. ఈ రాత్రితో సరి."

బైండరమ్మ పక్కన కూలబడి, ఇంకో కుంచె అందుకుంది.

మర్నాడు వాచ్‌మన్ వణికిపోతూ చెప్పాడు — ఆ గదిలో దెయ్యం ఒకటి కాదట, రెండట. రెండోది తెల్లవార్లూ ఏడుస్తూనే ఉందట.