అనాపత్తి

సదాశివరావుగారు రిటైరై ఆరేళ్లయింది గాని, ఆ సంగతి ఆయనకి ఇంకా ఎవరూ రాతపూర్వకంగా తెలియజేసినట్టు లేదు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా దిగిన మనిషి. ఉప్మాలో ఉప్పు తక్కువైతే "కాస్త ఉప్పు వెయ్యి" అనరు. "నిన్నటి ఉప్మాలోనూ ఇదే గమనించడం జరిగింది" అంటారు. పాలవాడు ఆలస్యమైతే క్యాలెండరు మీద టైము వేసి పక్కన పొట్టి సంతకం పెడతారు. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆయన నోట "పొరపాటు జరిగింది" అన్న మాట మాణిక్యాంబ చాలాసార్లు వింది. ఎవరివల్ల జరిగిందో మాత్రం ఆ వాక్యంలో ఎప్పుడూ ఉండేది కాదు.

ఆ శనివారం పొద్దున ఘాజియాబాద్‌లోని వాళ్లింటి వరండాలో ఆయన హిందీ పేపరు పట్టుకుని కూర్చున్నారు. చదవడానికి కాదు, చదివించడానికి. ముప్ఫై నాలుగేళ్లు ఇంగ్లీషులో ఫైళ్లు నడిపిన ఆయన హిందీ కూరగాయల బండి దాటి వెళ్లలేదు. మాణిక్యాంబ పెళ్లికి ముందే తెనాలిలో హిందీ పరీక్షలు విశారద దాకా పాసయింది. ఇంట్లో ఆ శాఖ ఆవిడది.

"చదువు మాణిక్యం."

చదివింది. పక్కన ఖాళీగా ఉన్న రెండంతస్తుల ఇంట్లో వ్యసనాలు మాన్పించే కేంద్రం పెట్టుకుంటామని ఎవరో అనుమతి అడిగారు. నివాసాల మధ్య కాబట్టి, ఇరుగుపొరుగు తమ అభిప్రాయం సోమవారంలోగా నగరాభివృద్ధి ప్రాధికరణ ఆఫీసుకి రాసి పంపాలి.

"తాగుబోతులు మన గోడ పక్కనా? మన కాలనీ సంఘం త్యాగీజీ అప్పుడే చెప్పారు, గోడ కలిసిన ఇల్లు మనది కాబట్టి మన ఉత్తరానికే బరువెక్కువట. రాయి. హిందీలో రాస్తే పని త్వరగా అవుతుంది. 'ఇస్‌మే బడా గల్తీ హువా' అని మొదలుపెట్టు."

"బడీ గల్తీ హుయీ. తప్పు హిందీలో స్త్రీలింగమండీ."

"నేననేదీ అదే. ఈ ఇంట్లో గల్తీ ఎప్పుడూ స్త్రీలింగమే" అని ఆయన తన హాస్యానికి తానే మీసంలో నవ్వుకున్నారు.

అప్పుడే కొడుకు సుధీంద్ర బూట్లు వేసుకుంటూ బయటికొచ్చాడు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రతి శనివారం ఫరీదాబాద్ వెళ్లి స్నేహితులతో బ్యాడ్మింటన్ ఆడతాడని ఇంట్లో చెప్పుకునే మాట. ఏడాదిన్నరగా వాడు ఒక్కసారీ రాకెట్ పట్టుకెళ్లలేదు. ఉప్మాలో ఉప్పు పసిగట్టే మనిషి ఆ సంగతి గమనించలేదని మాణిక్యాంబ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

వాడు పేపరు వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. "నాన్న చెప్పినట్టే రాయమ్మా" అని మెట్లు దిగిపోయాడు.

రెండేళ్ల కిందట సుధీంద్ర గుర్‌గావ్‌లో గది తీసుకుని ఉన్నప్పుడు, ఆఫీసు పని మీద నాలుగు నెలలు పుణె వెళ్లాడని సదాశివరావుగారికి తెలుసు. వాడు వెళ్లింది ఫరీదాబాద్‌లో ఒక వీధికి, తాగుడు మాన్పించే ఇంటికి. ఇప్పటికీ శనివారం అక్కడ కూర్చుని నలుగురితో మాట్లాడి వస్తేనే వాడికి వారం గడుస్తుంది. ఆ ఇంటి ఓనరు ఇల్లు అమ్ముకుంటున్నాడు. వీళ్ల పక్కింటికి అనుమతి అడిగింది ఆ కేంద్రం వాళ్లే. "ఇక్కడా కుదరకపోతే మూసేస్తారటమ్మా" అని పోయిన నెలే చెప్పాడు.

మాణిక్యాంబ కలం తీసింది. గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ రాసింది.

"ఈ ఆఖరి మాటేమిటి?" ఆయన కూడబలుక్కున్నారు. "అ... నా... పత్తి."

"ఆపత్తు లేకపోవడమండీ."

"మంచి పదం. బరువుగా ఉంది."

సంతకం పెట్టారు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది గనక పక్కన ఆవిడా పెట్టింది. తెలుగులో ఆపత్తి అంటే ముప్పు. హిందీలో అభ్యంతరం. అనాపత్తి అంటే మాకే అభ్యంతరమూ లేదని. ఆవిడ చెప్పింది తెలుగర్థం, రాసింది హిందీ.

ఆ పై ఆదివారం పొద్దున్నే కాలనీ సంఘం అధ్యక్షుడు త్యాగీజీ ఆ ఉత్తరం నకలు పట్టుకుని వచ్చాడు.

"రావ్ సాబ్, సబ్‌నే ఆపత్తి దీ, ఆప్‌నే అనాపత్తి?" కాఫీ తాగుతూ ఆయనే దారి కూడా చూపించాడు. హిందీ సరిగ్గా రాక గల్తీ అయిందని పదిన్నరకి పార్కులో అందరి ముందూ ఒక్క మాట అంటే చాలు, కొత్త ఉత్తరం తనే టైపు చేయిస్తాడట.

గేటు మూసిన చప్పుడయ్యాక సదాశివరావుగారు గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే భయం.

"చదవకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు నేను, సర్వీసు మొత్తం మీద. నిన్ను నమ్మి పెట్టాను."

"అవునండీ. మిమ్మల్ని మోసం చేశాను. కానీ ఉత్తరంలో అబద్ధం రాయలేదు."

"తాగుబోతుల్ని తెచ్చి..."

"ఆ మాట అనకండి." ఆయన వాక్యం మధ్యలో ఆవిడ అడ్డు రావడం అదే మొదలు. "సుధీ పుణె వెళ్లలేదండీ."

అంతా చెప్పింది. ఆయన నిలబడే విన్నారు.

"ఆదివారాలు పదకొండు దాటితేగాని లోపలికి రానిచ్చేవారు కాదు. మీతో గుడికని చెప్పి నేను తొమ్మిదింటికే చేరేదాన్ని. ఎదురింటి పంజాబీ ఆవిడ తన గేటు బయట నాకో కుర్చీ వేసి ఉంచేది. ఎండ ముదిరితే దాన్ని నీడలోకి జరిపేది. టీ ఇచ్చేది. ఎవరి కోసం వచ్చావని నాలుగు నెలల్లో ఒక్కనాడూ అడగలేదు. ఆవిడా ఏదో కాగితం మీద ఆపత్తి అని రాసి ఉంటే మన పిల్లాడు..."



సుధీంద్ర ఎప్పుడొచ్చాడో గుమ్మంలో ఉన్నాడు. "అమ్మ చేత ఒట్టు వేయించుకుంది నేనే నాన్నా. మీకు తెలిస్తే ఇంక మీ ముందు నిలబడలేననుకున్నా. మానేసి ఇవాళ్టికి ఆరు వందల ముప్ఫై రెండు రోజులు."

సదాశివరావుగారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"రాకెట్ లేదు" అన్నారు. "ప్రతి శనివారం చూస్తూనే ఉన్నాను. అడిగితే నువ్వేం చెబుతావోనని అడగలేదురా."

సుధీంద్ర వచ్చి ఆయన పక్కన కింద కూర్చున్నాడు. ఆయన చెయ్యి వాడి తల మీదికి వెళ్లింది, ఏ ఫైలు నోటింగూ లేకుండా.

చెయ్యి తియ్యకుండానే అడిగారు. "ఆ కుర్చీ వేసినావిడ పేరేమిటి మాణిక్యం?"

"తెలీదండీ. ఆవిడ నన్నడగలేదు, నేనూ అడగలేదు. దీదీ అనేదాన్ని."

"ఒకసారి నన్ను తీసుకెళ్లు. దణ్ణం పెట్టి వద్దాం."

పార్కుకి ముగ్గురూ నడిచి వెళ్లారు. గేటు దగ్గర ఆయన ఆగి కొడుకుని చూశారు. "చెప్పమంటావా?"

"చెప్పండి నాన్నా. నాకేం ఆపత్తి లేదు."

అది తెలుగో హిందీయో ఎవరూ అడగలేదు. రెండిట్లోనూ సరిపోయింది.

త్యాగీజీ ముందే నలుగురికీ చెప్పి ఉంచాడు, రావ్ సాబ్ ఉత్తరంలో చిన్న గల్తీ దొర్లిందని. సదాశివరావుగారు బెంచీ మీంచి లేచారు. ఒక చేతిలో నకలు ఉంది, రెండో చెయ్యి కొడుకు భుజం మీద ఉంది.

"మేరా బేటా ఐసా హీ ఘర్ మే ఠీక్ హువా" అన్నారు. "పడోసీ లోగ్ నే కుర్సీ దియా. అబ్ మై కుర్సీ రఖేగా." కొడుకు ఇలాంటి ఇంట్లోనే బాగయ్యాడని, పొరుగువాళ్లు వేసినట్టే ఇక తనూ కుర్చీ వేస్తానని చెప్పి, చేతిలో నకలు పైకెత్తారు. "చిట్ఠీ ఠీక్ హై. గల్తీ మేరా థా."

ఆ ఇంట్లో గల్తీ పుంలింగం కావడం అదే మొదటిసారి. విశారద పాసైన మాణిక్యాంబ కళ్లు తుడుచుకుంది గాని, దిద్దలేదు.