వంకర తిరిగిన ఎర్రగీత

పట్టపగలు మూడున్నర...! అయినా ఆకాశం కాటుక పులుముకున్నట్టు నల్లబడింది. రోడ్ల ఆఫీసు మూడో అంతస్తు కిటికీ చువ్వల మీద ఎక్కడి నుంచో ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. దాని పసుపు కళ్ళు లోపల బల్ల మీద పరిచిన ప్లాను మీదే నిలిచిపోయాయి...

ఆ బల్ల దగ్గర, ప్లాన్లు గీసే ముసలి డ్రాఫ్ట్స్‌మన్ బ్లేడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా కూర్చున్నది ఆయన కోడలు. ఆ ఆఫీసులోనే ఇంజనీరు. నానాటికీ పెరిగిపోతున్న నగరాన్ని హైవేతో కలిపే కొత్త రోడ్డుకు దారి నిర్ణయించింది ఆమే. ఒక్క ఇల్లు కూడా కూలకుండా, వెనకటివాళ్ళు నడిచిన కాలిబాట వెంటే తిన్నగా గీసింది. అయిదింటికి పై అధికారి సంతకం పడాలి.

కానీ ఇప్పుడు ఆమె చేతిలోని ఎర్రకలం ఆ బాటను వదిలి ఉత్తరానికి వంకర తిరుగుతోంది! మామగారు మూడుసార్లు బ్లేడుతో గీకేశాడు. మూడుసార్లూ మళ్ళీ అదే వంకర!

"అమ్మాయ్! ఏమైందమ్మా నీకు? ఆ కలం కింద పెట్టు తల్లీ!"

ఆమె తలెత్తింది. కనుగుడ్లు తెల్లగా తిరగబడి ఉన్నాయి... ముక్కులోంచి ఒక రక్తపు చుక్క జారి గీత మీద పడింది. ఆ లేత కంఠంలోంచి కర్కశమైన మగగొంతు బుసకొట్టింది.

"ముసలోడా! రోడ్డు నా పీఠం మీదుగా పోవాలి! రోజుకు లక్ష అడుగులు దాన్ని తొక్కాలి! అడుగుకో ఊపిరి పిండుకుంటాను! సంతకం పడగానే మొదటి ఊపిరి దీనిదే...!"

ఆయన కళ్ళు రక్తపు చుక్క మీద పడ్డాయి. అది పడిన చోటు... పాడుబడ్డ ఇటుకల బట్టీ! ఆ ప్లానులో ప్రతి అంగుళమూ ఆయనకు కంఠతా వచ్చు.

"అమ్మాయి చెయ్యి పట్టుకో! ఏం జరిగినా వదలకు!" గొడవ విని లోపలికొచ్చిన హెడ్ క్లర్కు మీద అరిచి, పరుగున వెళ్ళి జీపు తీశాడు.

పిడుగులు దిక్కుల్ని బద్దలు కొడుతున్నాయి. బట్టీ గర్భంలో రక్తవర్ణ మండలం... నడుమ ఒక కపాలం... దాని నేత్రకుహరాల్లో నీలిజ్వాలలు! దాని ముందు దిగంబరుడైన మాంత్రికుడు బూడిదలో వేలితో అదే వంకరగీత గీస్తున్నాడు.

"వచ్చావా!" వికటాట్టహాసం చేశాడు. "ఈ ముసల్దాని పుర్రె చూడు. ఎన్నడో కట్టెల మోపుతో నడుస్తూ నడుస్తూ ఆ కాలిబాట మీదే ప్రాణం వదిలింది. తోడొచ్చినవాళ్ళు అక్కడే పూడ్చి ఏడ్చుకుంటూ పోయారు. నేను తవ్వి తెచ్చుకున్నాను. ఇక ఒక్క అడుగు వేశావో... అక్కడ నీ కోడలి గుండె ఆగిపోతుంది!"

జేబులో ఫోను మోగింది. "సార్... అమ్మాయిగారికి ఊపిరి ఆడటం లేదు సార్..." హెడ్ క్లర్కు ఏడుపు.

ఆయన అడుగు వెయ్యలేదు. ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడి కపాలానికి చేతులు జోడించాడు.

"అమ్మా! నీవాళ్ళు నిన్ను మర్చిపోయి ఉండరు. ఒక్కసారి వాళ్ళను పిలువు తల్లీ! నా బిడ్డ చచ్చిపోతోంది..."

కపాలం దవడ కిర్రుమంటూ తెరుచుకుంది.

"ఒసే...! నన్నొదిలేసి పోతారటే...?"

ఒక్క క్షణం ఉరుములు ఆగిపోయాయి. నిశ్శబ్దం... ఆ తర్వాత కాలిబాట వైపు నుంచి అడుగుల చప్పుడు! పదులు... వందలు... వేలు! మనుషులెవ్వరూ కనిపించటం లేదు. గాజుల గలగల, కట్టెల మోపుల కిరకిర, ఆయాసపు దగ్గు... దుమ్ములో వరసగా పడుతున్న పాదముద్రలు! మండలం ఆ అడుగుల కింద చెరిగిపోయింది.

"ఆగండి...! భస్మం చేస్తాను...!" మాంత్రికుడు గుప్పెళ్ళతో బూడిద విసిరాడు. వెల్లకిలా పడ్డాడు. అతని గుండెల మీద ఒక పాదముద్ర... పొట్ట మీద ఇంకొకటి... ముఖం మీద పది! ఎముకలు పటపటా విరిగాయి. ఆ ఆర్తనాదం మట్టిలోకి దిగి, దిగి... అణగిపోయింది. కపాలం కూడా కనిపించలేదు.

మళ్ళీ ఫోను.

"మామయ్యా... ఎక్కడికెళ్ళారు చెప్పకుండా?" నీరసంగా కోడలి గొంతు. "చెయ్యంతా తిమ్మిరిగా ఉంది. గీత మాత్రం తిన్నగానే ఉంది. ప్లాను సంతకానికి పంపించెయ్యనా?"

ఆయన గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. ఆయన్ని రాసుకుంటూ అడుగులు ఇంకా వస్తూనే ఉన్నాయి...

"కాసేపు ఆగమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "వీళ్ళందరినీ వెళ్ళిపోనీ."