సర్వమంగళగారి మరుగుముద్ర

2093 నాటికి కాకినాడ తీరంలోని సాగరతోరణం టవరులో బుర్రతో గుర్తుపెట్టుకునే మనిషంటూ ఒక్కరూ మిగల్లేదు. అందరికీ చెవి వెనక, చర్మం కింద, పెసరగింజంత పూస ఉంటుంది. దాని పేరు జ్ఞాపిక. పొద్దుటి నుంచి చూసినవీ విన్నవీ అందులో పోగుపడతాయి, సాయంత్రం ఆరింటికి ఆ పూసే వాటిని సర్దుకుంటుంది. గ్యాస్ కట్టేశామా లేదా అన్నది మొదలుకొని వియ్యపురాలి ఇంటిపేరు వరకూ అడిగిందే తడవుగా అందిస్తుంది. బుర్రకి ఇంత తీరిక దొరికాక ఆ టవరు జనం దానితో ఏం చేశారయ్యా అంటే, పక్కింటి సంగతులు మరింత శ్రద్ధగా పోగుచేశారు. మగవాళ్ళూ తక్కువ తినలేదు.

ఇరవయ్యో అంతస్తు సర్వమంగళకి ఆ జనమంటే ఒళ్ళుమంట. కానీ శ్రావణ శుక్రవారం బొట్టుపెట్టి పేరంటానికి పిలవాల్సింది ఆ జనమే. కిందటేడు ఒక్క గడప నుంచీ పిలుపు రాలేదు. ఈ ఏడూ రాకపోతే ఇక టవరులో తలెత్తుకోలేనని ఆవిడ బెంగ.

కారణం ఒక జడ క్లిప్పు. టవరు కింద దుకాణంలో నచ్చిన క్లిప్పు తీసి జడకి పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే బాగుంది. ఇక తియ్యబుద్ధి కాలేదు, అలాగే బయటికి నడిచింది. మరిచిపోయానని తర్వాత అందరితో అంది గానీ మరిచిపోలేదు. తలుపులు మూసుకున్నాయి, ఇద్దరు ఆడపోలీసులు వచ్చి వంద మంది చూస్తుండగా తీసుకెళ్ళారు.

చిన్న దొంగతనం, అదీ మొదటిసారి అయితే కోర్టుకి లాగరు, దిద్దుబాటుకి పంపిస్తారు. సర్వమంగళ అయిదు నెలలు తరగతులకి వెళ్ళింది, అదే దుకాణంలో జనం విప్పి పారేసిన చీరలు మడతపెట్టింది. అది పూర్తయ్యాక అరెస్టు మీద మరుగుముద్ర వేశారు.

మరుగుముద్ర డాక్టర్ గవర్రాజు కనిపెట్టిన యంత్రం. పాతరోజుల్లో పోలీసు కాగితం ఒక్కటే మూసేవారు. కాగితం మూతపడేది గానీ నోళ్ళు మూతపడేవి కావు. ఈ యంత్రం కాగితాలతో పాటు కెమెరా బొమ్మల్లోంచీ, ఊళ్ళో ఉన్న ప్రతి జ్ఞాపికలోంచీ ఆ ఒక్క ఆకు చింపేస్తుంది. తప్పు చేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. ఎవరైనా ఆ మాట కొత్తగా ఎత్తినా, విన్నవాళ్ళ పూసలోంచి సాయంత్రం ఆరింటి సర్దుబాటులో రాలిపోతుంది.

చింపేశారు. అయినా సర్వమంగళ లిఫ్టు ఎక్కితే జనం ఓరగా జరుగుతూనే ఉన్నారు.

"ఎందుకో తెలీదమ్మా, ఆవిణ్ణి చూస్తే కడుపులో దేవినట్టుంటుంది నాకు," అంది పేరంటాళ్ళకి పెద్ద అయిన కామాక్షిగారు, వినపడేట్టుగానే. కారణం తెలియకపోతే ఊరుకునే జనమా వాళ్ళు! మొదటి మొగుడికి ఏదో పెట్టి చంపిందట అన్నారు. ఆవిడకి మొదటి మొగుడూ చివరి మొగుడూ ఒక్కడే, హాల్లో కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు.

ఒకరోజు ఆవిడకి ఒళ్ళు మండి కామాక్షిగారిని నిలేసింది. "క్లిప్పండీ! ముష్టి జడ క్లిప్పు! నేను చేసింది అదీ!"

"ఓస్, ఇంతేనా!" కామాక్షిగారి మొహం విచ్చుకుంది. "మేమింకా ఏదో అనుకున్నాం. శుక్రవారం నేనే వచ్చి పిలుస్తాను కదా!"

ఆరు కొట్టింది. మర్నాడు కామాక్షిగారు మళ్ళీ మొహం తిప్పేసుకుంది.

మొత్తం టవరులో ఆవిడతో నవ్వుతూ మాట్లాడేది నలభయ్యో అంతస్తు నూకరత్నం ఒక్కతే. సర్వమంగళకి నూకరత్నమంటే పొడ గిట్టదు. ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు. కొందరి మొహాలంతే అనుకునేది.

చివరికి ఆవిడ గవర్రాజు ప్రయోగశాలకి వెళ్ళింది.

"నా ముద్ర విప్పెయ్యండి బాబూ! క్లిప్పు దొంగనని అందరికీ తెలిసినా ఫర్వాలేదు. హంతకురాలినైపోయాను."

గవర్రాజు ఆవిడ జ్ఞాపికని తెర మీద పెట్టుకుని చూస్తున్నాడు. "సంగతి పూసలో ఉంటుందమ్మా, చింపగలను. దాని రుచి ఒంట్లో దిగిపోతుంది. అక్కడికి నా యంత్రం చెయ్యి చేరదు. ఏవగింపు మిగిలిపోతుంది, ఎందుకో మాత్రం తెలీదు."

"అందుకే విప్పమంటున్నాను."

"విప్పుతాను. జన్మకి ఒక్కసారి విప్పించుకునే హక్కుంది మీకు. కాకపోతే చట్టప్రకారం ఇంకో మాట చెప్పాలి. మీ జ్ఞాపికలోంచి కూడా ఒక ఆకు చింపాం, నాలుగేళ్ళ కిందట. వేరేవాళ్ళ అరెస్టు తాలూకు. ఎవరి తలలోది వాళ్ళ సొత్తు కాబట్టి, కావాలంటే అది తిరిగి అతికిస్తాం, అతికించాక ఇక ఆరింటికి రాలదు. మీ ముద్ర విప్పడమా, ఆ ఆకు అతకడమా, రెంటిలో ఒకటే."

సర్వమంగళ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఎవరిదండీ?"

"మీ గురించి ఆలోచించుకోండమ్మా. ఈ హక్కు మళ్ళీ రాదు."

"మా టవరులో మనిషేనా?"

"అది చెప్పకూడదు."

"ఆడమనిషేనా? అదైనా చెప్పండి!"

గవర్రాజు తెర వైపు తిరిగాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది, పేరంటం గురించి ఆలోచించింది, కామాక్షిగారి మొహం తలుచుకుంది. అంతా కలిపి అరనిమిషం పట్టి ఉంటుంది.

"ఆ ఆకే అతికించండి," అంది.

ఆయన ఆశ్చర్యపోలేదు. దరఖాస్తులో ఆ గడి ముందే నింపి ఉంది. వచ్చినవాళ్ళందరికీ అలాగే నింపి ఉంచుతున్నాడు ఈమధ్య.

చెవి వెనక చురుక్కుమంది, అంతే, కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. అదే దుకాణం, ఇద్దరు ఆడపోలీసులు, మధ్యలో తలవంచుకుని నూకరత్నం. పోలీసు చేతిలో గోళ్ళరంగు సీసా.

"అనుకున్నాను! నేను అనుకుంటూనే ఉన్నాను!" సర్వమంగళ లేచి నిలబడింది. "ఈ వయసులో గోళ్ళరంగా! సిగ్గుండక్కర్లా!" ఒళ్ళంతా తేలికైపోయింది ఆవిడకి. అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కామాక్షిగారి తలుపు కొట్టింది. మొహం చిట్లిస్తూ తీసిన కామాక్షిగారు, నూకరత్నం పేరు వినగానే లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. బుగ్గ మీద చెయ్యేసుకుని, "ఆఁ! మీ కళ్ళతో చూశారూ?" అంది నాలుగుసార్లు.

ఆరింటికి మొత్తం రాలిపోయింది. రుచి మాత్రం ఉండిపోయింది. మర్నాడు కామాక్షిగారే లిఫ్టు ఆపి, "ఎందుకోనండీ, మీ దగ్గర కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. రండి, ఏవైనా చెప్పండి," అంది. సర్వమంగళ మొదటి నుంచీ చెప్పింది. కామాక్షిగారు మళ్ళీ మొదటి నుంచీ బుగ్గ మీద చెయ్యేసుకుంది. పాతబడని కబురు ప్రపంచంలో అదొక్కటే, అది సర్వమంగళ పూసలోనే ఉంది. రోజుకో ఇంట్లో కాఫీ తాగింది. శ్రావణ శుక్రవారానికి పదకొండు ఇళ్ళ వాళ్ళు వచ్చి బొట్టుపెట్టి పిలిచారు.

పట్టుచీర కట్టుకుని ఆవిడ లిఫ్టు కోసం నిలబడితే, లోపల నూకరత్నం ఉంది. నేతచీరలో, చేతిలో కూరల సంచితో.

"పేరంటానికా వదినగారూ?" అంది నూకరత్నం. ఆగి, మెల్లిగా అడిగింది. "ఏటా ఒకరో ఇద్దరో పిలిచేవారండీ. ఈసారి ఒక్కరూ పిలవలేదు. పలకరించినా పలకడం లేదు. నా వల్ల ఏదైనా తప్పు జరిగిందేమో, మీకేమైనా తెలుసా?"

సర్వమంగళ కుచ్చిళ్ళు సర్దుకుంది. నూకరత్నం గోళ్ళ వైపు ఒకసారి చూసింది.

"ఏమోనమ్మా, నాకేం తెలుసు?" అంది. "పాడు జనం. ఊరికే మనుషుల్ని వెలేస్తారు."